‘హ్యాంగ్ ఔట్’ ఎప్పుడు అనాలి, ఎలా అనాలి: మన బరంపురం ఉదాహరణలతో

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, ఉద్యోగానికి ఇంగ్లీషు. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెరిగిన మనవాళ్లకి ఇది మామూలే. ఆంధ్రా సరిహద్దులోని గిరిసోల గేటు దాటి ఇచ్ఛాపురం వెళ్తే ఒక రకంగా, ఇటు ఛత్రపురం వెళ్తే ఇంకో రకంగా మాట్లాడటం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. కొత్త మాట పట్టుకోవడం మనకి కష్టం కాదు. ఇబ్బందల్లా పాఠ్యపుస్తకంలో కనబడని ఇంగ్లీషుతోనే.

పరీక్షల కోసం ‘గివ్ అప్’, ‘లుక్ ఆఫ్టర్’ బట్టీ పట్టి ఉంటారు. తీరా ఉద్యోగంలో చేరాక పక్క సీటు అమ్మాయి “సో, వేర్ డు పీపుల్ హ్యాంగ్ ఔట్ ఇన్ బర్హంపూర్?” అంటుంది. హ్యాంగ్ అంటే వేలాడదీయడం, ఔట్ అంటే బయట. రెండూ కలిపి చూస్తే ఆమె అడిగినది తప్ప అన్నీ తోస్తాయి. ఈ ఒక్క మాటని ఎలా గుర్తుపట్టాలో, ఎలా వాడాలో, ఎక్కడ నోరు కట్టేసుకోవాలో కింద వరసగా చెబుతాను. ఉదాహరణలు మాత్రం మన ఊళ్లవే. లండన్ పబ్బుల వాక్యాలు చదివి నేర్చుకున్న మాట మనకి అవసరమైన వేళ నోటికి రాదు.

ముందు ‘ఊరికే’ పరీక్ష పెట్టండి

ప్రత్యేకంగా పనేమీ పెట్టుకోకుండా ఒకచోట హాయిగా సమయం గడపడమే హ్యాంగ్ ఔట్. ఎక్కువసార్లు పక్కన స్నేహితులు ఉంటారు, కానీ ఉండి తీరాలని లేదు. ఏదైనా సందర్భంలో ఈ మాట నప్పుతుందా లేదా అని అనుమానం వస్తే మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: “ఎందుకు వెళ్లావ్?” దానికి “ఊరికే” అన్న జవాబు వస్తే హ్యాంగ్ ఔట్ నప్పుతుంది. ఒడియాలో అయితే “ఎమితి” అంటారు చూడండి, అదే. ఇంకేదైనా జవాబు వస్తే వేరే క్రియ వెతుక్కోవాలి.

మీ చిన్నాన్నగారు చేపలు కొనడానికి గోపాల్‌పూర్ వెళ్లారనుకోండి. అది హ్యాంగ్ ఔట్ కాదు, పని. చేపలు కొన్నాక పాత స్నేహితుడు కనబడి, ఇద్దరూ చెరో టీ పట్టుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చుని, ఎవరి పిల్లలు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నారో చెప్పుకుంటూ గంట గడిపేశారనుకోండి. ఆ గంట హ్యాంగ్ ఔట్. సంచీలో చేపలు పాడైపోతున్నా సరే.

రెండేళ్లకోసారి చైత్రంలో వచ్చే ఠాకురాణి యాత్రనే తీసుకోండి. అమ్మవారి దర్శనానికి దేశిబెహెరా వీధిలో క్యూ కట్టడం హ్యాంగ్ ఔట్ కాదు. వేషాలు చూడటం కూడా కాదు, దానికి ‘వాచ్’ ఉంది. దర్శనం అయిపోయి, వేషాలూ చూసేసి, ఇంటికి వెళ్లాలనిపించక స్నేహితులతో అర్ధరాత్రి దాకా ఆ వెలుతుర్లో అటూ ఇటూ తిరుగుతూ, బరా-ఘుగ్ని తింటూ, కనిపించిన ప్రతివాడినీ పలకరిస్తూ ఉంటారే, అక్కడ మొదలవుతుంది: “వి హంగ్ ఔట్ టిల్ మిడ్‌నైట్.”

చివర్లో ఉన్న ‘ఔట్’ చూసి మోసపోకండి. దానికి బయటికి వెళ్లడంతో సంబంధం లేదు. రోజంతా ఇంట్లో దివాను మీద దొర్లుతూ ఫోన్ చూసుకున్నా “ఐ జస్ట్ హంగ్ ఔట్ ఎట్ హోమ్” అనవచ్చు. ఒంటరిగా ఉన్నా అనవచ్చు. ఎవరైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే “నథింగ్, జస్ట్ హ్యాంగింగ్ ఔట్” అనేది రోజూ వినబడే జవాబే. తెలుగులో మనం “ఏం లేదు, ఊరికే ఉన్నా” అంటాం.

ఈ మాట నిన్న మొన్న పుట్టింది కాదని కూడా తెలిసి ఉంటే మంచిది. 19వ శతాబ్దపు ఇంగ్లీషులో “వేర్ డు యు హ్యాంగ్ ఔట్?” అంటే ‘నీ మకాం ఎక్కడ?’ అని. అప్పట్లో ఉంటున్న చోటు, ఇప్పుడు ఊరికే ఉండే చోటు. గూగుల్ కంపెనీ 2013లో తెచ్చి 2022లో మూసేసిన కబుర్ల యాప్‌కి హ్యాంగౌట్స్ అని పేరు పెట్టిందీ ఈ అర్థంతోనే.

‘రోమింగ్’ని పక్కన పెట్టండి

మన వైపు పిల్లలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుతాను. సాయంత్రం ఏం చేశావని ఇంగ్లీషులో అడిగితే పదిమందిలో సగం మంది “ఐ వాజ్ రోమింగ్ విత్ మై ఫ్రెండ్స్” అంటారు. కారణం కనబడుతూనే ఉంది. తెలుగులో ‘తిరగడం’, ఒడియాలో ‘బులిబా’. “బులిబాకు జాఉచి” అంటూ పెరిగినవాడు ఆ బులిబాని ఇంగ్లీషులోకి మోసుకెళ్తే రోమింగే వస్తుంది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కూడా. బయటివాళ్లకి మాత్రం రోమింగ్ అంటే గమ్యం లేకుండా విశాలమైన చోట సంచరించడం. అడవిలో ఏనుగులు చేసేది అది. లేదా సిమ్ కార్డు వేరే దేశం వెళ్లినప్పుడు చేసేది.

మీరు నిజంగా నడుస్తూ ఊరంతా చుట్టి వస్తే “వి వాక్డ్ అరౌండ్ టౌన్” అనండి. బైకు మీదైతే “వి రోడ్ అరౌండ్”. రామలింగం చెరువు పార్కులో బెంచీ మీద కూర్చుని గంటలు గడిపితే అందులో తిరగడమే లేదు కదా, అక్కడ హ్యాంగ్ ఔట్. తిరిగినా, కూర్చున్నా, రెండూ కలిసినా పట్టేంత వెడల్పైన మాట ఇది. అందుకే ఇంత సుఖం.

నలుగురూ చేరి కబుర్లాడుకునే చోటుని ఒడియాలో ‘ఖటి’ అంటారని మీకు తెలుసు. ఇంగ్లీషులో ఆ చోటు పేరు కూడా ఇదే మాట, కాకపోతే కలిపి, నామవాచకంగా: హ్యాంగౌట్. “దట్ టీ స్టాల్ ఈజ్ అవర్ హ్యాంగౌట్” అంటే ‘ఆ చా దుకాణం మా ఖటి’. క్రియగా వాడితే రెండు ముక్కలుగా రాయాలి, చోటు పేరుగా వాడితే కలిపి రాయాలి. చాటింగులో ఎవరూ పట్టించుకోరు, కానీ అసైన్‌మెంట్ రాసేటప్పుడు పట్టించుకోండి.

ఇక ‘టైమ్ పాస్’. “వి డిడ్ టైమ్‌పాస్” అనేది మన దేశపు ఇంగ్లీషు. తప్పని కొట్టిపారేయను, ముంబయి నుంచి కోల్‌కతా దాకా నడుస్తుంది. అయితే దాంట్లో ‘ఏదో ఒకలా పొద్దు పుచ్చాం’ అన్న విసుగు ఉంటుంది. హ్యాంగ్ ఔట్‌లో ఆ విసుగు లేదు. ఇష్టంగా గడిపారన్నమాట.

‘విత్’, ‘ఎట్’ తగిలించండి

మనిషి ముందు ‘విత్’, చోటు ముందు ‘ఎట్’. ముప్పాతిక వ్యాకరణం ఇంతే.

“ఐ హ్యాంగ్ ఔట్ విత్ మై కజిన్స్ ఆన్ సండేస్.”
“దే హ్యాంగ్ ఔట్ ఎట్ ది బీచ్.”
“వి హంగ్ ఔట్ విత్ బావ ఎట్ హిజ్ షాప్.”

ఊరి పేరుకి, గదికి ‘ఇన్’ వస్తుంది: ‘ఇన్ గోపాల్‌పూర్’, ‘ఇన్ ది హాస్టల్ రూమ్’. మేడ మీదైతే ‘ఆన్ ది టెర్రస్’. ‘హియర్’, ‘దేర్’, ‘హోమ్’ లాంటివాటి దగ్గర తికమక పడొద్దు. ‘హ్యాంగ్ ఔట్ హియర్’ అంటే చాలు, మధ్యలో ఏమీ అక్కర్లేదు. ఇంటి విషయంలో ‘ఎట్ హోమ్’ అనండి.

‘విత్’ వదిలేస్తే ఏమవుతుందో చూడాలి. బరంపురంలో పట్టు నేసే మన దేరా వీధుల్లో రంగు వేసిన నూలుని బయట ఆరేస్తారు. ఇంగ్లీషులో “దే హ్యాంగ్ ఔట్ ది యార్న్ టు డ్రై.” ఇదీ హ్యాంగ్ ఔటే, కానీ అక్షరాలా వేలాడదీయడం. దేన్ని వేలాడదీస్తున్నారో ఆ వస్తువు వెంటనే వచ్చింది, మధ్యలో విత్ లేదు. ఇప్పుడు “ఐ హ్యాంగ్ ఔట్ మై ఫ్రెండ్స్” అన్న వాక్యం చదవండి. స్నేహితుల్ని పిండి, తాడు మీద ఆరేశారు మీరు.

ఆరేసే అర్థంలో మాటని విడదీయవచ్చు కూడా: “హ్యాంగ్ ది సారీస్ ఔట్.” స్నేహితుల అర్థంలో హ్యాంగ్‌కీ ఔట్‌కీ మధ్య ఎవర్నీ దూర్చకూడదు. “హ్యాంగ్ విత్ మై ఫ్రెండ్స్ ఔట్” అనేది ఏ ఊళ్లోనూ చెల్లదు. ఔట్ తీసేసి “హ్యాంగ్ విత్ మై ఫ్రెండ్స్” అంటే మాత్రం చెల్లుతుంది, కుర్రకారు, ముఖ్యంగా అమెరికా వాళ్లు, అలా కత్తిరించే అంటారు.

కాలం సరిచూసుకోండి

గడిచిపోయిన దానికి ‘హంగ్’. ‘హ్యాంగ్డ్’ అనే రూపం ఇంగ్లీషులో ఉంది, కానీ అది ఉరిశిక్షకి. “వి హ్యాంగ్డ్ ఔట్ లాస్ట్ నైట్” అంటే ఎవరూ పోలీసులకి ఫోన్ చెయ్యరు గానీ, ముఖంలో చిన్న నవ్వు మాత్రం కనబడుతుంది.

అలవాటుగా చేసేదానికి మామూలు వర్తమానమే చాలు. “డైలీ ఐ యామ్ హ్యాంగింగ్ ఔట్ ఎట్ భాపూర్ బజార్” అనొద్దు. తెలుగులో ‘రోజూ వెళ్తున్నా’ అంటాం కాబట్టి ఆ ‘ఇంగ్’ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. “ఐ హ్యాంగ్ ఔట్ ఎట్ భాపూర్ బజార్ ఎవ్రీ ఈవినింగ్” అనండి. ‘ఇంగ్’ ఈ క్షణంలో జరిగేదానికి, లేదా ఈ మధ్య కొత్తగా మొదలైనదానికి దాచుకోండి.

పాత రోజుల కోసం ‘యూజ్డ్ టు’ ఉంది. ఊరు వదిలి వెళ్లినవాళ్లకి దీని అవసరం ఎక్కువ. రాయగడ వాళ్లు “వి యూజ్డ్ టు హ్యాంగ్ ఔట్ బై ది నాగావళి” అంటారు, గుణుపురం వాళ్లు వంశధార అంటారు, పర్లాకిమిడి వాళ్లు మహేంద్రతనయ అంటారు. ఏటి గట్టు దగ్గర ‘ఎట్’ కన్నా ‘బై’ బాగుంటుంది.

నోరు తిప్పడం

క ఖ గ ఘ ఙ అని చిన్నప్పుడు వల్లె వేశాం. ఆ చివరి అక్షరాన్ని తరవాత జన్మలో వాడలేదు. ఇదిగో, ఇప్పుడు దానికి పని పడింది. ఇంగ్లీషువాళ్లు హ్యాంగ్‌లో చివరి ‘గ్’ని పలకరు, ముక్కులోనే ఆపేస్తారు. ఔట్‌తో కలిపినప్పుడు ‘హ్యాంగౌట్’ కాదు, దాదాపు ‘హ్యాఙౌట్’. ‘హ్యాంగింగ్ ఔట్’ అనేటప్పుడు రెండు చోట్లా గ్ వినబడదు. సినిమాల్లో వాళ్లు అన్నది మీకు వినబడకపోవడానికి సగం కారణం ఇదే. మీరు గ్ కోసం చెవి పెట్టుకుని కూర్చున్నారు, అది లేనే లేదు.

ఊనిక కూడా గమనించండి. క్రియ అయితే బరువు ‘ఔట్’ మీద పడుతుంది, చోటు పేరైతే ‘హ్యాంగ్’ మీద. రెండు మూడుసార్లు పైకి అని చూస్తే పట్టుబడుతుంది.

ఎవరి ముందు అనకూడదు

ఇది ఇంటి మాట. ఆఫీసు కాగితాల్లోకి తీసుకెళ్లొద్దు. సెలవు చీటీలో “ఐ వాంట్ టు హ్యాంగ్ ఔట్ విత్ మై ఫ్యామిలీ” అని రాస్తే మేనేజరు సెలవు ఇవ్వొచ్చు గానీ, మీ మీద ఒక అభిప్రాయం కూడా ఏర్పరచుకుంటాడు. ‘స్పెండ్ టైమ్ విత్ మై ఫ్యామిలీ’ అని రాయండి.

ఇంటర్వ్యూలో ఇంకా జాగ్రత్త. డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఖాళీ ఉన్నవాళ్లు మనలో చాలామంది. ఆ ఏడాది ఏం చేశావని అడిగితే “ఐ వాజ్ హ్యాంగింగ్ ఔట్ ఇన్ భువనేశ్వర్” అనకండి. మీ మనసులో ఉన్నది ‘భువనేశ్వర్‌లో ఉన్నాను’ అని. అవతలివాళ్లకి వినబడేది ‘పనీపాటా లేకుండా ఉన్నాను’ అని. “ఐ వాజ్ ఇన్ భువనేశ్వర్, ప్రిపేరింగ్ ఫర్ బ్యాంక్ ఎగ్జామ్స్” అంటే నిజమూ చెప్పినట్టు, పరువూ నిలబడినట్టు. ఖాళీ సమయంలో ఏం చేస్తావంటే “ఐ స్పెండ్ టైమ్ విత్ ఫ్రెండ్స్, ఐ ప్లే క్రికెట్” సరిపోతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లే సరదాగా హ్యాంగ్ ఔట్ అన్నారంటే మీరూ అనవచ్చు. ముందు వాళ్లని అననివ్వండి.

పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి ఈ మాటతో పిలవకూడదు. “కమ్ హ్యాంగ్ ఔట్ ఎట్ మై సిస్టర్స్ వెడ్డింగ్” అంటే పెళ్లిని తేలిక చేసినట్టు. పెళ్లి అంటే ముహూర్తం, భోజనాలు, చేయాల్సిన పనులు. ‘ఊరికే’ పరీక్షలో మొదట్లోనే తప్పుతుంది. అయితే పెళ్లికి ముందు రోజు రాత్రి విడిదిలో చాపలు పరుచుకుని బావమరదళ్లు, వదినామరదళ్లు తెల్లవార్లూ వేసే కబుర్లకి ఇంతకన్నా నప్పే మాట లేదు.

పెద్దవాళ్ల సంగతి కొంచెం వేరు. తెలుగులో “తాతగారితో తిరిగాను” అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషులో “ఐ హంగ్ ఔట్ విత్ మై గ్రాండ్‌ఫాదర్ ఆల్ ఆఫ్టర్‌నూన్” అంటే అగౌరవం లేదు, పైగా ముద్దుగా ఉంటుంది. తాతగారి గురించి ఇతరులతో చెప్పేటప్పుడు నిస్సంకోచంగా అనండి. తాతగారి ఎదుటే “తాతగారూ, హ్యాంగ్ ఔట్ అవుదామా” అంటే ఏం జరుగుతుందో మీ ఇంటి పద్ధతిని బట్టి ఉంటుంది.

ఇంకొకటి, ఇందులో పొరబడితే చిక్కే. ‘గో ఔట్ విత్’ వేరు, ‘హ్యాంగ్ ఔట్ విత్’ వేరు. “షీ ఈజ్ గోయింగ్ ఔట్ విత్ హిమ్” అంటే ఇద్దరి మధ్యా ప్రేమ వ్యవహారం ఉందని. “షీ ఈజ్ హ్యాంగింగ్ ఔట్ విత్ హిమ్” అంటే కలిసి కాలక్షేపం చేస్తున్నారని మాత్రమే. తెలుగులో ‘వాడితో తిరుగుతోంది’ అంటే వీధంతా మొదటి అర్థమే తీసుకుంటుంది కాబట్టి, ఇంగ్లీషులో ఏది ఏదో ముందే తెలుసుకోవడం అవసరం. అత్తయ్య కొడుకుతో కలిసి సినిమాకి వెళ్లి ఆఫీసులో “ఐ వెంట్ ఔట్ విత్ మై కజిన్” అంటే, వాళ్లకి మేనరికాలు తెలియవు గనక, చాలా కంగారు పడతారు.

మందలించే స్వరంలోనూ ఇది వాడతారు. “హూ ఆర్ యు హ్యాంగింగ్ ఔట్ విత్ దీజ్ డేస్?” అని తల్లి అడిగిందంటే “ఈ మధ్య ఎవరితో తిరుగుతున్నావ్ రా?” అన్న అనుమానమే అది. ఏ దేశమైనా ఆ ప్రశ్నకి టెన్షన్ ఒకటే.

హ్యాంగ్ ఇంటిపేరున్న మిగతావాళ్లు

త్వరగా చెప్పేస్తాను. ‘హ్యాంగ్ ఆన్’ అంటే కాస్త ఆగు, ఫోన్‌లో అయితే లైన్‌లో ఉండు. ‘హ్యాంగ్ అప్’ అంటే ఫోన్ పెట్టేయడం. కోపంతో మధ్యలో కట్ చేస్తే ‘హంగ్ అప్ ఆన్ మీ’. ‘హ్యాంగ్ అరౌండ్’ దాదాపు హ్యాంగ్ ఔటే, కానీ ఎదురుచూపో, పనిలేనితనమో కొంచెం ఎక్కువ. బస్టాండ్‌లో బస్సు కోసం గంట నిలబడితే ఇది. ‘హ్యాంగ్ ఇన్ దేర్’ అంటే ధైర్యం వదలకు. ‘హ్యాంగోవర్’ ఏమిటో మీకు తెలిసినా తెలియనట్టే ఉండండి.

మనం ఇప్పటికే వాడుతున్న హ్యాంగ్ ఒకటుంది: “ఫోన్ హ్యాంగ్ అయింది.” ఇంగ్లీషులో “మై ఫోన్ ఫ్రోజ్” అనడం ఎక్కువ. ఫోన్‌కి మాత్రం ఎప్పుడూ ఔట్ తగిలించకండి. ఆస్ట్రేలియా వాళ్లతో పనిచేసేవాళ్లకి ఒక అదనపు మాట: అక్కడ ‘హ్యాంగింగ్ ఔట్ ఫర్ ఎ కాఫీ’ అంటే కాఫీ కోసం ప్రాణం లాగేస్తోందని.

పిలుపు, దానికి జవాబు

ఎవర్నైనా పిలవాలంటే “వాంట్ టు హ్యాంగ్ ఔట్ దిస్ ఈవినింగ్?” చాలు. ‘విల్ యు ప్లీజ్’ అంటూ మర్యాదలు పేరిస్తే మాటలోని తేలిక పోతుంది.

యాత్రకి హైదరాబాద్ నుంచి వస్తున్న బావమరిదితో చాటింగ్ ఇలా ఉండొచ్చు:

“బావా, రీచింగ్ ఆన్ ఫ్రైడే. లెట్స్ హ్యాంగ్ ఔట్.”
“ష్యూర్. ఫ్రైడే ఐ హావ్ టు బి ఎట్ ది షాప్. సాటర్‌డే?”
“ఓకే. వేర్?”
“అవర్ యూజువల్ హ్యాంగౌట్. మీ అక్కకి చెప్పకు, కూరగాయలు తెమ్మంటుంది.”

కాదనాలన్నా సులువే: “కాంట్ హ్యాంగ్ ఔట్ టుడే, గాట్ ట్యూషన్.” కారణం ఒక్కటి చెప్పి ఊరుకోండి.

“వి షుడ్ హ్యాంగ్ ఔట్ సమ్‌టైమ్” అని ఎవరైనా అంటే మాత్రం అప్పుడే డైరీ తీయొద్దు. “ఎప్పుడైనా ఒకసారి భోజనానికి రండి” అని బరంపురం స్టేషన్ ప్లాట్‌ఫారమ్ మీద బంధువులు చెప్పే మాట లాంటిది అది. ప్రేమ ఉంటుంది, తేదీ ఉండదు. వాళ్లు రోజు, చోటు చెప్పారంటేనే నిజమైన పిలుపు. మీకు నిజంగా కలవాలని ఉంటే రోజు మీరే చెప్పండి: “హౌ అబౌట్ సండే?”

నోటికి అలవాటు చేసుకోండి

పడుకునే ముందు ఆ రోజు సాయంత్రం ఎక్కడ, ఎవరితో గడిచిందో ఒక్క వాక్యం ఫోన్‌లో రాసుకోండి. అబద్ధపు వాక్యాలు వద్దు, నిజంగా జరిగినవే. ఇంట్లోనే ఉంటే ఇంట్లోనే అని రాయండి. ‘విత్’ పక్కన మనిషి, ‘ఎట్’ పక్కన చోటు మారుతూ ఉంటాయి, ‘హంగ్ ఔట్’ మారదు. సినిమా చూసేటప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఈ మాట కనబడగానే ఆపి, వాళ్లు అన్నట్టే అనండి. తెలుగులోకి మార్చాల్సి వస్తే ఒకే మాట కోసం వెతక్కండి. ఒకచోట ‘కూర్చున్నాం’ అవుతుంది, ఒకచోట ‘కబుర్లాడుకున్నాం’, ఇంకోచోట ‘సరదాగా తిరిగాం’. వాక్యం ఏది అడిగితే అది ఇవ్వండి.

కింది అయిదూ ఇంగ్లీషులోకి మార్చి చూడండి. జవాబులు ఆ పక్కనే ఉన్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకోండి.

నిన్న రాత్రి మా వదిన, నేను మేడ మీద కూర్చుని కబుర్లాడుకున్నాం. — “మై సిస్టర్-ఇన్-లా అండ్ ఐ హంగ్ ఔట్ ఆన్ ది టెర్రస్ లాస్ట్ నైట్.”

చిన్నప్పుడు సెలవులొస్తే ఏటి గట్టు మీదే ఉండేవాళ్లం. — “వి యూజ్డ్ టు హ్యాంగ్ ఔట్ బై ది రివర్ డ్యూరింగ్ ది హాలిడేస్.”

మా తమ్ముడు ఈ మధ్య ఆ బ్యాచ్‌తో తెగ తిరుగుతున్నాడు. — “మై బ్రదర్ ఈజ్ హ్యాంగింగ్ ఔట్ విత్ దట్ క్రౌడ్ ఎ లాట్ దీజ్ డేస్.” కొత్తగా మొదలైన అలవాటు కాబట్టి ఇక్కడ ‘ఇంగ్’ సరైనదే.

చీరలు ఆరేశావా? — “డిడ్ యు హ్యాంగ్ ది సారీస్ ఔట్?” విత్ పెట్టినవాళ్లు చీరలతో స్నేహం చేశారు.

రేపు మామయ్యగారిని చూపించడానికి ఎంకేసీజీ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. — ఇందులో హ్యాంగ్ ఔట్ లేదు. “ఐ హావ్ టు టేక్ మై అంకుల్ టు ది హాస్పిటల్ టుమారో.” ఓపీలో నంబరు కోసం పొద్దుటి నుంచీ మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోవాల్సి వచ్చినా అది ‘వెయిట్’ మాత్రమే.